ఆరో గుట్ట మీద కాగితం తంగేడు

పేజీ 1. మృగశిర కార్తె, రెండో రోజు

ఆరో గుట్ట సర్వాధికారి, ఏడో తరగతిని రెండుసార్లు చదివిన మహాపండితుడు శ్రీమాన్ ఓదెలు గారు సకల జీవరాశికి ప్రకటించునది ఏమనగా: నేటి నుండి గుట్ట మీద చాయ గ్లాసును ఎడమ వైపు బండ మీద మాత్రమే పెట్టవలెను. కుడి వైపు బండ సర్వాధికారి వారి ఆసనము. దాని మీద ఎవరును కూర్చొనరాదు. తొండలకు సైతము ఈ ఆజ్ఞ వర్తించును. అయితే గుట్ట మీద తొండ కనబడి ముప్పై ఏండ్లు దాటినందున వాటికి నోటీసు పంపబడలేదు. ఆజ్ఞ మీరిన వారికి సర్వాధికారి వారి భార్య సారక్క పెట్టిన చాయ రెండు గ్లాసులు తాగించబడును.

ప్రకటన అయిపోయింది. ఇక అసలు లెక్క రాస్తాను.

ఈ పుస్తకం నేలల మండలి ఇచ్చింది. మరలు రాసిన లెక్కలను ఇప్పుడు మరలే నమ్మడం లేదట. అందుకని గుట్ట కాపరి తన చేత్తో రాయాలి, గుట్ట లెక్క తేలాకే మండలి దీన్ని తెరుస్తుందట. అబద్ధాలు కూడా చేత్తోనే రాయాలన్నమాట. నాకేం అభ్యంతరం లేదు.

గుట్ట అంటే దేవుడు చేసింది కాదు. బొగ్గు కోసం భూమి కడుపు తోడి పక్కన పోసిన కుప్ప. మా తాత చిన్నప్పుడు పోయడం మొదలుపెట్టారు, మా నాయిన ముసలితనంలో ఆపారు. పైనుండే మట్టి అడుగుకు పోయింది, అడుగున ఉండే రాయి పైకొచ్చింది. నేలను తలకిందులుగా నిలబెట్టారు. తలకిందులుగా నిలబెడితే మనిషే అన్నం తినలేడు, చెట్టెట్లా తింటుంది?

ఈరోజు పని గింజల పురుగును పైకి ఎక్కించడం. అది ఎనిమిది కాళ్ళ మర. అడుగుకొక రంధ్రం చేసి, అందులో ఒక గింజ వేసి, చుక్క నీళ్ళు పోసి ముందుకు నడుస్తుంది. గింజల్ని ఏడుసార్లు కడిగి పంపారట. నా పెళ్ళిలో నన్ను కూడా అంత కడగలేదు. ఇది మూడో ఏడు. పోయిన రెండేళ్ళలో ఒక్క గింజ మొలవలేదు.

పేజీ 6. ఆరుద్ర ఆఖరి రోజు

ఈసారీ మొలవలేదు. మండలి తూనీగ, అంటే ఎగిరే మర, వచ్చి గుట్ట చుట్టూ మూడుసార్లు ఎగిరింది. దానికి పాత పంతుళ్ళ భాష నేర్పారు ఎవరో.

"ఇచట జీవము కానరాదు. పొదల సంఖ్య సున్న. ఇంక రెండు వానకాలములు గడువు. పిదప గాజు."

గాజు అంటే ఏమిటో మాకు చెప్పనక్కర లేదు. మా ఇంటి ముందు నిలబడితే నాలుగో గుట్ట కనబడుతుంది. మూడేళ్ళ కింద దాన్ని కరిగించి గాజు చేశారు, దుమ్ము లేవకుండా. పొద్దెక్కితే అటువైపు చూడలేం. వాన పడితే చుక్క ఆగదు, అంతా జారి పోతుంది. దాని కింద కాలనీలో ఉన్నవాళ్ళను నగరంలో అరవై అంతస్తుల గూళ్ళకు పంపారు. మా కాలనీలో నలభై ఇళ్ళు. బట్టలు సర్దుకోవడం మొదలుపెట్టిన వాళ్ళు ఇప్పటికే ఇద్దరు.

పేజీ 8. పునర్వసు

మండలి నుంచి ఒక కాగితం వచ్చింది. గుట్ట బతికిందని ఒప్పుకోవాలంటే దాని మీద ఈ నేల పొదలే ఉండాలి. ఏవి ఈ నేలవో, గని రాకముందు కాలం చూసిన మనిషి సాక్ష్యం చెప్పాలి. కింద సన్నని అక్షరాల్లో ఇంకో మాట ఉంది: సాక్షి మొదట చెప్పిన పొద తప్పక ఉండవలెను. అది లేనిచో మిగిలినవి లెక్కకు రావు.

కాలనీ చివర, నీళ్ళ ట్యాంకు వెనక బానవ్వ ఉంటుంది. తొంభై ఆరేళ్ళు. చెవులు పోయాయి గానీ నోరు పోలేదు. పొగాకు పట్టుకుని వెళ్ళి, చెవిలో అరిచాను.

"అవ్వా, బొగ్గు బాయి రాకముందు గీడ ఏమేం పొదలుండేటియి?"

"గది అడిగేటందుకు వచ్చినవా? పొగాకు తెచ్చినవా?"

"తెచ్చిన."

"ఐతె రాసుకో. ముందుగాల తంగేడు. అది లేకుంటె బతుకమ్మ ఏడికెల్లి వస్తదిరా? పొద్దుగాల లేచి జూస్తె నేలకు పసుపు రాసినట్టుండేది. రాసినవా? తర్వాత బలుసు. కరువచ్చిన ఏడు మా అవ్వ బలుసాకు ఉడకేసి పెట్టింది. బతికుంటె బలుసాకన్న తినొచ్చని ఊకె అన్నరా మరి?"

"ఇంకా?"

"పరికి. పరికి కంపల కోక వడ్డదనుకో, ఇటు విడిపిస్తె అటు పడ్తది. నీ అసొంటోన్ని కట్టుకున్న ఆడిది లెక్క. ఇంక కలివె. కలివె పండ్లు తింటె మూతంత నల్లగయితది, బాయి దిగి వచ్చినోని లెక్క. ఆఖరుకు వావిలి. కాన్పయిన పిల్లకు వావిలాకు ఏసి కాగిన నీళ్ళు పోస్తె, మూడో నాటికి లేచి రోలు కాడ కూసునేది."

"అయిదేనా?"

"నీ చేతికి ఎన్ని వేళ్ళున్నయి?"

కాగితం మీద వేలిముద్ర వేయించుకుని, మండలికి పంపాను. అయిదు పేర్లలో ఏ ఒక్క పొదనూ నేను పుట్టి బుద్ధెరిగిన తర్వాత చూడలేదు. కాలనీలో ఎవరూ చూడలేదు.

పేజీ 31. చిత్త

నిన్నటితో బతుకమ్మ అయిపోయింది. బయటివాళ్ళు ఎవరైనా ఈ పుస్తకం చదువుతారేమోనని రాస్తున్నాను: మా కాలనీలో బతుకమ్మకు పెట్టే తంగేడు కాగితంది. పసుపు కాగితాన్ని అయిదు రేకులుగా కత్తిరించి, నడుమ దారపు పోగులు పెట్టి, కాడకు దారంతో బిగిస్తారు. సారక్క వాళ్ళమ్మ సారక్కకు నేర్పింది, ఆమెకు వాళ్ళమ్మ. రేకులు ఎన్నో, వంపు ఎట్లా ఉంటుందో అందరికీ తెలుసు. ఆకు ఎట్లా ఉంటుందో మాత్రం ఎప్పుడో మరిచిపోయారు. అందుకే మా తంగేడుకు ఆకు ఉండదు.

పండుగ తెల్లారి ఆ పువ్వులన్నీ గని గుంతలో కలుపుతారు. ఈసారి నేను తట్టలకు అడ్డం నిలబడ్డాను.

ముందున్న తట్ట సారక్కది. నా వేషాలు ఆమెకు కొత్త కావు. "ఏందయ్యా, ఆడోళ్ళ తొవ్వకు అడ్డం నిలవడ్డవు?" అంది.

"ఈ పువ్వులు నాకియ్యున్రి. గుట్ట మీద కర్రలు పాతి, వాటికి కడ్తా."

"కట్టి?"

"తూనీగ పైకెల్లి చూస్తది. పొద లెక్క కనవడ్తది, పసుపుపచ్చ పువ్వు కనవడ్తది, లెక్క రాసుకొని పోతది."

"గంత పిచ్చిదా అది?"

"పిచ్చిది కాదే. అది లెక్క చేస్తది గని వాసన చూడది."

ఆడవాళ్ళంతా సారక్క ముఖం చూశారు. ఆమె తట్ట నా నెత్తి మీద పెట్టింది. "మోసుడు గూడ నువ్వే మొయ్యి" అంది. దాన్నే మేము ఒప్పందం అంటాం.

పేజీ 34. స్వాతి

కర్రలు నిలబడడం లేదు. గుట్ట మీద ఉన్నది రాతి పలకల పొడి. పాతిన కర్ర గాలికి కల్లు తాగినవాడిలా ఒరుగుతున్నది. జిగట మన్ను కావాలి. ఎక్కడుంది?

సారక్కే చెప్పింది. గని తొలి రోజుల్లో పేలుడు మందు దాచిన గది ఒకటి వాగు ఒడ్డున ఉంది. చుట్టూ ఇనుప కంచె. లోపల కాలు పెడితే పేలిపోతామని మా తాత మా నాయినకు చెప్పాడు, మా నాయిన నాకు చెప్పాడు. అట్లా అరవై ఏళ్ళు ఆ అరెకరం లోపలికి మనిషి పోలేదు. చెదపురుగులకు మాత్రం ఎవరూ చెప్పినట్టు లేదు. నా ఎత్తు పుట్టలు పెట్టాయి.

కంచె నేనే ముందు దాటాను. పేలలేదు. ధైర్యం వచ్చి, పేలినట్టు ఒక కేక పెట్టి కింద పడ్డాను. నలభై ఇళ్ళవాళ్ళూ పరుగెత్తారు. తిరిగొచ్చి కొట్టారు. అది వేరే సంగతి.

పుట్టలకు దండం పెట్టి, పసుపు చల్లి, పాములు లేవని చూసుకుని, ఒక్కోదాన్ని సగం మేరకు గడ్డపారతో తవ్వాం. గడ్డలు ఇనుములా ఉన్నాయి. ఆడవాళ్ళు రోకళ్ళు తెచ్చి దంచారు. నీళ్ళు కలిపి ముద్దలు చేసి, కర్ర మొదట్లో పెట్టి తొక్కాం. కర్రలు కూడా అక్కడి వాగు ఒడ్డునే నరికాం. సన్నగా, నిటారుగా ఉన్నాయి. పేరు తెలియదు. ఆరు రోజుల పని. గుట్టకు అంచెలంచెలుగా ఉన్న ఏడు మెట్లూ కర్రలే. పై మెట్టుకు పడుచువాళ్ళు ఎక్కి పాతారు. నా మోకాలు అంత దూరం ఒప్పుకోదు.

తూనీగ వచ్చింది. మూడు చుట్లు తిరిగింది. 

"పొదల సంఖ్య ఆరువందల పదకొండు. పుష్పించుచున్నవి. అభినందనలు."

కింద కాలనీలో ఈలలు వేశారు. సారక్క మాత్రం నవ్వలేదు. "ఎన్ని దినాలు?" అంది.

పేజీ 52. రోహిణి

ఎండకు పువ్వులు వెలుస్తున్నాయి. కింది మెట్ల మీద ఆడవాళ్ళు వంతులవారీగా కొత్తవి కడుతున్నారు.

ఈరోజు పొద్దున రెండో మెట్టు మీద ఒక కర్ర కొసన పిట్ట కనబడింది. నల్లని తల, తోక కింద ఎర్రగా. పాత ఫోటోల్లో చూశాను, పికిలి పిట్ట. కాగితం పువ్వును ఒకసారి పొడిచింది. తర్వాత తల తిప్పి నన్ను చూసింది. అచ్చం సారక్క చూపు.

యాభై రెండేళ్ళ వాణ్ణి. ఈ గుట్ట మీద పిట్ట వాలడం ఇదే మొదటిసారి చూడడం. చేతిలో చాయ చల్లారిపోయింది. అది ఎగిరిపోయేదాకా నేను కదలలేదు.

వారం తర్వాత ఇదే పేజీలో రాస్తున్నాను: పిట్టలు ఇరవై, ముప్పై అయ్యాయి. నది అవతలి అడవి నుంచి పొద్దున వస్తాయి, కర్రల మీద కూర్చుంటాయి, పువ్వుల మీద రెట్ట వేసి పోతాయి. పసుపు పువ్వులు తెల్లబడుతున్నాయి. బానవ్వకు చెప్పి మొత్తుకున్నాను.

"పిట్టకు గుట్ట మీద పగేం లేదురా. కూసోను కొమ్మ లేక రాలేదు గంతే" అంది.

పేజీ 61. ఆరుద్ర

ఇది ఎట్లా రాయాలో తెలియడం లేదు. ఉన్నది ఉన్నట్టు రాస్తాను.

నాలుగు వానలు పడ్డాయి. మూడో మెట్టు మీద వాడిన పువ్వులు విప్పుతుంటే నా వేలికి మెత్తగా ఏదో తగిలింది. కర్ర గనుపు దగ్గర చిగురు. నేను నరికిన కర్ర, నేను పాతిన కర్ర. చేతి వేళ్ళలా అయిదు చీలికల ఆకు. నలిపితే ఘాటైన వాసన. పక్క కర్ర చూశాను, దానికీ చిగురే. ఆ వరసలో ఇరవై మూడు చిగిర్చాయి. కాగితం పువ్వులు అట్లాగే కట్టి ఉన్నాయి, వాటి పక్కనుంచి ఆకులు తోసుకొస్తున్నాయి, మాకు చోటియ్యండి అన్నట్టు.

నేను జీవితంలో చాలామందిని ఆటపట్టించాను. నన్ను ఎవరైనా ఇంత నిశ్శబ్దంగా ఆటపట్టించడం ఇదే మొదలు.

సారక్కను పిలిచాను. వచ్చి, చిగురును పట్టి చూసి, కొంగు నెత్తిన కప్పుకుంది. గుడిలో కప్పుకున్నట్టు.

పేజీ 64. పుష్యమి

కర్రల మొదట్లో కూడా ఏవో లేస్తున్నాయి. కొన్నిటికి ముళ్ళు ఉన్నాయి, అవి పొదల్లాగే కనబడతాయి కనుక ఉంచాను. ఇంకో రకం ఉంది. మెత్తని మొక్క, కాడకు అటూ ఇటూ జంటలుగా చిన్న ఆకులు. రోడ్డు పక్కన లేచే తగిరిస కలుపు అట్లాగే ఉంటుంది. అది ఉంటే తూనీగకు అనుమానం వస్తుంది. మా తంగేళ్ళు పరిశుభ్రంగా ఉండాలి. అన్నీ పీకి ఒక పక్కన కుప్ప వేశాను.

ఏడు మెట్లూ శుభ్రం చేశాను.

పేజీ 118. మరుసటి ఏడు, పుబ్బ

గోరుచుట్టు మీద రోకటిపోటు. తూనీగ తన లెక్కలు మండలికి పంపుతూనే ఉందట. ఎండాకాలం, చలికాలం, వానకాలం, ఆరో గుట్ట తంగేడు ఒక్క రోజు కూడా పూయడం మానలేదని అక్కడ గొప్ప సంచలనమట. "సంవత్సరము పొడుగునా పుష్పించు అపూర్వ తంగేడును పరిశీలించుటకు" ఫర్హానా మేడం అనే అధికారి స్వయంగా వస్తున్నారు. గడువు కూడా ఈ వానకాలంతోనే ముగుస్తుంది.

"ఎక్కువ పూయించినవు" అంది సారక్క.

పువ్వులు విప్పేద్దామంటే, ఇరవై రెండు నెలలు పూసిన పొదలు మేడం వచ్చే వారమే రాలితే ఎట్లా? ఉంచితే ఎట్లా? కలుపు మాత్రం ఇంకోసారి పీకాను.

పేజీ 120. ఉత్తర మూడో రోజు

మేడం పొద్దున్నే వచ్చారు. నలభై అయిదేళ్ళు ఉంటాయి, గుడ్డ టోపీ, చేతిలో కర్ర. తూనీగ ఆమె భుజం పక్కన ఎగురుతున్నది. రెండో మెట్టు దగ్గర ఆగి మొదటి పువ్వును పట్టుకున్నారు. వేళ్ళతో రుద్దారు.

"ఓదెలు గారూ, దీనికి దారం కట్టి ఉంది."

"గట్టిగా పూసే రకం మేడం."

"కాగితం."

"ఎండలు జాస్తి కదా మేడం, ఎండిపోయి..."

ఆమె టోపీ తీసి బండ మీద కూర్చున్నారు. కుడి వైపు బండ మీద. నా బండ. 

"మండలిలో ఈ పువ్వు మీద ముగ్గురు పుస్తకాలు రాస్తున్నారు, తెలుసా?" అన్నారు. గొంతులో కోపం లేదు, అలసట ఉంది. "నాలుగో గుట్ట గాజు కాగితం మీద సంతకం పెట్టింది నేనే. ఇక్కడికి వస్తూ దారంతా అనుకున్నాను, ఒక్కటైనా నిలబడిందని. ఇప్పుడు దీనికీ నేనే పెట్టాలి."

 నలభై ఇళ్ళవాళ్ళు కింద నిలబడి పైకి చూస్తున్నారు. సారక్క గ్లాసు పట్టుకుని ముందుకొచ్చింది.

"సంతకం ఏడికి పోదమ్మా. ముందుగాల చాయ తాగున్రి."

మేడం గ్లాసు అందుకోవడానికి లేచారు. ఆమె దుపట్టా కర్ర మొదట్లో ముళ్ళకు చిక్కింది. ఇటు విడిపించారు, అటు చిక్కింది. అటు విడిపించారు, ఇటు చిక్కింది. వంగి చూశారు. వంగినవారు అట్లాగే ఉండిపోయారు.

"తూనీగా, దగ్గరగా వచ్చి చూడు."

అది కిందికి దిగింది. ఇన్నాళ్ళూ అది నేలకు అంత దగ్గరగా రాలేదు.

"పరికి. సజీవము. వయస్సు పదునైదు మాసములు."

మేడం మోకాళ్ళ మీద పక్క కర్రకు జరిగారు.

"బలుసు. సజీవము."

ఇంకో కర్ర.

"కలివె. సజీవము. కలివె. సజీవము. పరికి. సజీవము."

చిగిర్చిన కర్ర దగ్గరికి పోయి ఆకు పట్టుకున్నారు.

"వావిలి. సజీవము."

ఒక్కో పేరు వినబడుతుంటే నా చేతుల మీద వెంట్రుకలు లేచి నిలబడ్డాయి. ఎండలో నిలబడి చలికి వణికినట్టు వణికాను. ఎందుకు అంతగా వణికానో అక్కడున్న వాళ్ళలో సారక్కకు ఒక్కదానికే తెలుసు.

మేడం తిరిగి చూశారు. ముఖం మారిపోయింది. "మేము గింజల్ని ఏడుసార్లు కడిగి పంపాం. ఇవి పిట్ట కడుపులోంచి వచ్చాయి. పండు తిని, కూర్చోవడానికి చోటు దొరికితే అక్కడ గింజ వేసి పోతుంది. మాకు మరలున్నాయి, గింజలున్నాయి, నీళ్ళున్నాయి. పిట్టకు పీట వేయాలని మాత్రం తోచలేదు."

"మాకూ తోచలేదు మేడం. మేము మిమ్మల్ని మోసం చేద్దామనుకున్నాం, అంతే" అన్నాను. ఆ పూట నిజం దానంతటదే వచ్చేస్తున్నది.

ఆమె నవ్వి, జేబులోంచి సాక్ష్యం కాగితం తీశారు. నవ్వు ఆగిపోయింది. "నాలుగున్నాయి. మొదటిది లేదు. తంగేడు లేకపోతే ఈ నాలుగూ లెక్కలోకి రావు. నియమం నేను మార్చలేను."

మళ్ళీ మెట్టంతా వెతికారు. లేదు. మూడో మెట్టు, లేదు. దిగి వస్తూ నేను పీకిన కలుపు కుప్ప దగ్గర ఆగారు. మోకాలెత్తు ఉంది. ఎండిన రెమ్మ ఒకటి తీసి పైకి పట్టారు.

"తంగేడు" అంది తూనీగ. "నిర్జీవము."

ఇంకో రెమ్మ తీశారు.

"తంగేడు. నిర్జీవము."

ఇంకోటి.

"తంగేడు. నిర్జీవము."

చాలించమని చెప్పాలనుకున్నాను.  పుట్టమన్నులో దాగిన గింజలు అవి. రోకటి దెబ్బలకు పెంకు పగిలి మొలిచాయని మేడం తర్వాత చెప్పారు. కాగితం తంగేడుకు కాపలా కాస్తూ, రెండు వానకాలాలు కూర్చుని నిజం తంగేడును నా ఈ వేళ్ళతో పీకాను. పువ్వు మాకు కంఠస్థం. ఆకు తెలియదు.

సారక్క కుప్పను చూసింది, నన్ను చూసింది. "అన్ని మెట్లు పీకినవా?"

తల ఊపాను.

"పై మెట్టు?"

"పుస్తకంలో రాశాను కదా."

"రాసింది అడుగుత లేను. పీకినవా?"

నేను నా మోకాలి వైపు చూసుకున్నాను.

సారక్క కోక చెక్కింది. ఆమె ముందు, మేడం వెనక, కుంటుతూ నేను. నాలుగు, అయిదు, ఆరు. ఏడో మెట్టు అంచు మీదికి తలలు లేవగానే సారక్క ఆగిపోయింది. ఆమె భుజం మీదుగా నేను చూశాను.

పసుపు.

కాగితం పువ్వులు అక్కడ ఎప్పుడో గాలికి పోయాయి. మట్టి ముద్దలు పెట్టిన ప్రతి చోటా నడుమెత్తు పొద. కొమ్మ కొసలన్నీ గుత్తులు. ఆ పసుపు కాగితం మీద లేదు, ఏ రంగు డబ్బాలోనూ లేదు. వెనక ఆకాశం, దూరంగా నాలుగో గుట్ట గాజు మెరుపు, ముందర ఇది. తేనెటీగలు ఎక్కడినుంచి వచ్చాయో, గుట్ట పైభాగమంతా ఒకే రొద. తలకిందులుగా నిలబెట్టిన నేల, ఎవరూ చూడని చోట, తనంతట తాను కాళ్ళ మీద లేచి నిలబడింది. దానికి నేను చేసిన సాయం ఒక్కటే, బద్ధకం.

తూనీగ కొమ్మ దాకా దిగింది. తర్వాత మెల్లగా అంది. "తంగేడు. సజీవము. పుష్పించుచున్నది."

మేడం టోపీ గుండెకు ఆనించుకుని నిలబడ్డారు. సారక్క ఒక కొమ్మ దగ్గర కూర్చుంది. కొంగు ముడి విప్పి, నిన్న చేసిన కాగితం పువ్వు తీసి నిజం పువ్వు పక్కన పెట్టింది. రేకులు లెక్కపెట్టింది.

"అయిదే. మా అమ్మ సరిగనే నేర్పింది" అంది. తర్వాత ఆకును రెండు వేళ్ళ మధ్య పట్టుకుని, జంటలు జంటలుగా ఉన్న ఆ చిన్న ఆకులను ఒక్కోటీ తడిమింది. "గిట్లుంటదా ఆకు? గింతనే ఉంటదా?"

ఆమె ఏడుస్తున్నదని కాసేపటికి గానీ నాకు అర్థం కాలేదు. ముప్పై ఏళ్ళ కాపురంలో ఆ ఒక్క క్షణమే నేను ఏ జోకూ వేయలేదు.

దిగేటప్పుడు మేడం అడిగారు. "మోసం అని రాద్దామంటే, ఎవరు ఎవరిని మోసం చేశారో నాకు లెక్క తేలడం లేదు. బతికిందని రాస్తాను. బతికిన గుట్టను గాజు చేయకూడదన్నది కూడా నియమమే. బానవ్వ గారిని ఒకసారి చూడొచ్చా?"

"తమ్ముడి ఇంటికి పోయింది మేడం."

"ఇప్పుడు తొంభై ఎనిమిది కదా, ఆ వయసులోనా?"

"తమ్ముడికి తొంభై మూడే మేడం. చిన్నవాడు, రాలేడు."

సారక్కకు పొలమారింది.

పేజీ 133. విశాఖ

మండలి ముద్ర వచ్చింది. గాజు మర పక్క జిల్లాకు వెళ్ళిపోయింది. సర్దిన బట్టలు విప్పుకున్నారు. ఈ ఏటి బతుకమ్మలో ప్రతి తట్టలో ఒక్కటంటే ఒక్క నిజం పువ్వు పెట్టారు, మిగతావి కాగితంవే. ఎక్కువ కోయనిచ్చేది లేదని సారక్క ఆజ్ఞ. ఆమె ఆజ్ఞలను మాత్రం జనం పాటిస్తారు.

ముద్రతోపాటు మేడం ఉత్తరం కూడా వచ్చింది. ఇంకా ఇరవై ఆరు గుట్టలు గాజు వరసలో ఉన్నాయట. వాటి మీద పిట్టలకు కర్రలు పాతుతారట. ఏ పొదలు ఆ నేలవో చెప్పే సాక్షులు మాత్రం దొరకడం లేదట. గని రాకముందు కాలం చూసినవాళ్ళు ఎవరూ మిగల్లేదు. అందుకని బానవ్వను పంపమంటున్నారు. మెత్తని సీటున్న బండి కూడా పంపుతారట.

బండి రేపు వస్తుంది. కనుక ఈరోజే రాసి, అందులో ఈ పుస్తకాన్ని పంపాల్సి వస్తున్నది.

మేడం, బానవ్వను పంపలేను. అట్లాంటి మనిషి లేదు. నీళ్ళ ట్యాంకు వెనక ఉన్నది పాత పంపు షెడ్డు. అందులో ఎవరూ ఉండరు. పొగాకు నాదే, నేనే నమిలాను. వేలిముద్ర నా ఎడమ కాలి బొటనవేలిది. తమ్ముణ్ణి ఆ పూటకు ఆ పూట పుట్టించాను.

అయిదు పేర్లు ఎక్కడివంటారా? పూట గడవనప్పుడు మా నాయిన అనేవాడు, బతికుంటే బలుసాకు తినొచ్చని. నన్ను పట్టుకోలేక మా అమ్మ తిట్టేది, పరికి కంపలో పడ్డ కోక లెక్క తగులుకున్నవు కదరా అని. బాయి నుంచి వచ్చిన నాయిన ముఖం చూసి ఆమే నవ్వేది, కలివె పండ్లు తిన్నవా అని. వావిలాకు నీళ్ళు మా నాయనమ్మ గొప్పలు. తంగేడు సారక్క కాగితం. ఆ తిట్లు తిట్టినవాళ్ళు కూడా ఆ పొదలను చూసి ఎరగరు, వాళ్ళకు వాళ్ళ అమ్మలు తిట్టారు గనుక తిట్టారు. నాకు తెలిసినవి ఆ అయిదు మాటలే. వాటిని ఒక ముసలామె నోట్లో పెట్టి మీకు పంపాను. తూనీగ ఒక్కోటి చదువుతుంటే నేను వణికింది అందుకు.

మిగతా ఇరవై ఆరు గుట్టల కింద కూడా జనం ఉన్నారు కదా. పోయి, వాళ్ళు పిల్లల్ని ఏమని తిడతారో వినండి. రాసుకోండి. నా ఉద్యోగం తీసేస్తే తీసేయండి, ఇంకొకణ్ణి పెట్టేటప్పుడు మాత్రం మోకాలు నొప్పి ఉన్నవాణ్ణి చూసి పెట్టండి.

ఇది రాస్తూ రాస్తూ లేచి నిలబడాల్సి వచ్చింది. నా బండ మీద తొండ వచ్చి కూర్చుంది. నోటీసు పంపకపోవడం నా తప్పే. నిలబడే రాస్తున్నాను.

బానవ్వను పూర్తిగా నేనే కల్పించాను. తొండ నిజం.